ఏ పచ్చ?

పద్మావతి పోయాక నన్ను ఎగతాళి చేసేవాళ్ళు లేకుండా పోయారు.

బడిలో తోటి మాస్టర్లు నాతో గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. పాలు పోసే ఆవిడ నీళ్ళు కలపడం మానేసింది. ఇవి ఎలాగో భరించాను. భరించలేకపోయింది కామరాజు మర్యాద.

కామరాజు పద్మావతి తమ్ముడు, విశాఖపట్నం పోర్టులో ఎలక్ట్రీషియన్. పెళ్ళి పందిట్లోనే నన్ను "నువ్వు" అన్నాడు. నేను గోదావరి జిల్లా వాణ్ణి. తెలుగు మాస్టార్ని. మాటకి ముందు ఒకసారి ఆగుతాను. వాళ్ళది ఈ ఊరే. ఆగడం వాళ్ళ ఇంటావంటా లేదు. "బావా, నువ్వు మొదలెట్టిన మాట అయ్యేసరికి ఓడ సరుకు దింపేసి ఎల్లిపోతాది" అనేవాడు. పద్మావతి తమ్ముణ్ణి మందలించేది కాదు, ఇంకో మాట అందించేది.

ఆమె కిందటి కార్తీకంలో పోయింది. కర్మలన్నీ అయ్యాక కామరాజు నా దగ్గరికి వచ్చి, "బావగారూ, మీరు భోంచేసారాండి?" అన్నాడు.

అప్పుడు నాకు భయం వేసింది. మాకు పిల్లలు లేరు. ఆ ఇంటికీ నాకూ మధ్య ఉన్నది పద్మావతి ఒక్కతే. ఆమె లేకపోతే నేను వాళ్ళకి ఏమవుతాను? దానికి జవాబు ఆ "మీరు"లో ఉన్నట్టు అనిపించింది. ఇది నోరు తెరిచి అడిగే ప్రశ్న కాదు. అడిగితే, "అదేంటండీ, మీరు ఎప్పటికీ మావాళ్ళే కదండీ" అంటాడు. ఆ "అండీ"తోనే నా ప్రాణం పోతుంది.

పైగా కామరాజుకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. ఉక్కునగరంలో క్వార్టరు ఇచ్చారు. ఆషాఢంలో ఇల్లు మారకూడదని వాళ్ళమ్మ నూకాలమ్మగారు పట్టుబట్టడం వల్ల ప్రయాణం శ్రావణానికి వాయిదా పడింది. అప్పటిదాకా ఆదివారాలు తల్లీకొడుకులు మహారాణిపేటలో నేనుండే అద్దె వాటాకి వచ్చి కూర్చునేవాళ్ళు. కామరాజు "ఒంట్లో బాగుంటందాండి" అని అడిగేవాడు. నేను బాగుంది అనేవాణ్ణి. ముగ్గురం తిరిగే ఫ్యాను వంక చూసేవాళ్ళం. పద్మావతి పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. తల్లి ముందు అక్క పేరు ఎత్తకూడదని కామరాజు నియమం. కొడుకు బాధపడతాడని తల్లి నియమం. ఇద్దరి నియమాలూ నాకు తెలుసు గనక నేనూ ఎత్తేవాణ్ణి కాదు. తాము ఉక్కునగరం వెళ్ళిపోతే ఈ ఫ్యాను చూడటం కూడా ఉండదు అన్నట్టు కూర్చునేవాడు కామరాజు.

ఈ ఆదివారాల మధ్యలోకి రేడియో కిట్ వచ్చి పడింది.

సరదా కోసం ఇంట్లోనే సొంత రేడియో స్టేషను పెట్టుకుని, దేశదేశాల వాళ్ళతో కబుర్లు చెప్పేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళని హామ్‌లంటారు. మాట్లాడాలంటే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. వాళ్ళ మాటలు వినడం మొదటి మెట్టు. అలా వినిపించే రేడియోని విడి భాగాలుగా పెట్టెలో పెట్టి, ఎవరో ఔత్సాహికుల సంఘం వాళ్ళు మా బడికి పంపించారు. మా బడిలో ఫిజిక్సు మాస్టారి పోస్టు ఖాళీ. హెడ్మాస్టరు గారు ఆ పెట్టె నా చేతిలో పెట్టి, "ఇందులో ఇంగ్లీషు కాగితాలు తెలుగులో పెట్టండి మాస్టారూ, పిల్లలకి పనికొస్తుంది. పనిలో పనిగా బిగించేసి చూడండి. మీకూ కాలక్షేపం" అన్నారు. బడిలో పనులు ఊరికే ఉన్నవాళ్ళని వెతుక్కుంటూ వస్తాయి. దుఃఖంలో ఉన్నవాళ్ళ దగ్గరికి ఇంకా తొందరగా వస్తాయి.

ఆ ఆదివారం ఫ్యాను చూడటానికి వచ్చిన కామరాజుకి పెట్టె చూపించాను.

"ఎంత సన్నగున్నాయండీ ఇవి!" అన్నాడు, ఒక భాగాన్ని వెలుగులో పట్టి. "పోర్టులో నాను పట్టుకునే కేబులు నా సెయ్యంత లావుంటాది. ఇయ్యేటండీ, సీమ కాళ్ళు."

"ఇది రెసిస్టరు. దీన్ని తెలుగులో నిరోధకం అంటారు" అన్నాను.

కామరాజు ముఖం ఎర్రబడింది. కుటుంబ నియంత్రణ వాళ్ళ ఎర్ర త్రికోణం కింద, ఊళ్ళో ప్రతి గోడ మీదా కనిపించే మాటకి అది దగ్గర చుట్టం. ఒకప్పుడైతే కామరాజు ఆ ఒక్క మాటతో నన్ను సాయంత్రం దాకా కాల్చుకు తినేవాడు. ఇప్పుడు పెదవి కొరుక్కుని, గుమ్మంలో చిక్కుళ్ళు ఒలుస్తున్న తల్లి వైపు చూసి, "ఆ మాట కొంచెం మెల్లగా అనండి బావగారూ" అన్నాడు. అంతే.

నాకు చాలా నిరాశ కలిగింది.

నేను ఊరుకోలేదు. పని మొదలుపెట్టాక అప్పుడప్పుడు ఎర వేస్తూనే ఉన్నాను. "ఈ ట్రాన్సిస్టరుకి మూడు కాళ్ళున్నాయి. తెలుగులో త్రిపాది అని పేరు పెడితే ఎలా ఉంటుంది?" అన్నాను.

"బాగుంటాదండి" అన్నాడు కామరాజు.

చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకుని కూర్చున్నాను. అతను చూశాడు. చూసి, తల తిప్పుకున్నాడు.

పని పంచుకున్నాం. ఇంగ్లీషు కాగితం చూసి నేను తెలుగులో చదువుతాను. కామరాజు ఆ భాగం ఏరి, సర్క్యూట్ పలకలోని చిల్లుల్లో దూర్చి, కింద సీసంతో అతుకుతాడు. అతుకు పెట్టడానికి పోర్టు నుంచి తెచ్చిన సోల్డరింగ్ కడ్డీ అట్లకాడంత ఉంది. దానితో ఆ సన్నటి పలక మీద అతుకులు పెడుతుంటే, గడ్డపారతో ముగ్గు వేస్తున్నట్టుంది. ముక్కు దగ్గర పొగ లేచింది. గుగ్గిలం వాసన.

"ఏ దేవుడికి బాబూ ధూపం?" అన్నారు నూకాలమ్మగారు గుమ్మంలోంచి.

"రేడియో దేవుడికమ్మా" అన్నాడు కామరాజు. అని, ఆ మాట ఎక్కువైందేమోనని నా వైపు చూశాడు.

మరుసటి ఆదివారం తీగ చుట్టే పని. ప్లాస్టిక్ గొట్టం మీద రాగి తీగ ఒత్తుగా, లెక్క తప్పకుండా చుట్టాలి. నేను చుడుతున్నాను, కామరాజు లెక్కపెడుతున్నాడు. సగంలో నా నుదుటి మీద చెమట చూసి, "కాస్త మంచినీళ్ళు తాగుతారాండి?" అన్నాడు. ఇద్దరం లెక్క మరిచిపోయాం. విప్పి మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి "ఫ్యాను పెంచమంటారాండి" అన్నాడు. మళ్ళీ విప్పాం. మర్యాద వల్ల పాడైన పనులు లోకంలో చాలా ఉండొచ్చు గాని, రాగి తీగ మీద దాని దెబ్బ అంత స్పష్టంగా కనపడటం నేను అప్పుడే చూశాను.

డాబా మీద ఏరియల్ తీగ కట్టాం. పక్కవాటా ఆవిడ దాని మీద వెంటనే చీర ఆరేసింది.

ఆషాఢం చివరి ఆదివారం పొద్దున్నే రేడియో పూర్తయింది. కామరాజు వాళ్ళు సామాను సర్దుకోవడం అప్పటికే మొదలుపెట్టారు. ఆ వారంలోనే లారీ. ఈ రేడియో మోగకపోతే ఇంకో ఆదివారం లేదు. ఇది ముగ్గురికీ తెలుసు. మోగినా ఏమవుతుందో నాకు తెలియదు. కాని ఆ పలక ముందు అన్ని ఆదివారాలు కూర్చున్నాం కదా, ఏదో ఒక చప్పుడు వినకుండా విడిపోవడం బాగుండదనిపించింది.

బ్యాటరీ తగిలించి, ఇయర్‌ఫోను, అదే చెవి గొట్టం, పెట్టుకున్నాను. బటను తిప్పాను.

ఏమీ లేదు. గాలి చప్పుడు కూడా లేదు.

కామరాజు పెట్టుకున్నాడు. మొహం చూస్తేనే తెలిసింది. అతుకులన్నీ మళ్ళీ చూశాడు. బ్యాటరీ నాలుక మీద పెట్టి చూశాడు. తీగ మీది చీర తీయించి వచ్చాడు. అదే నిశ్శబ్దం.

"ఒకసారి మొత్తం మొదట్నించి చదువుతాను, సరిచూసుకో" అన్నాను.

నిరోధకాల మీద రంగు గీతలుంటాయి. వాటి విలువ అంకెల్లో రాసి ఉండదు, ఆ రంగులే లెక్క. చివరి గీత రంగు ఒక మెట్టు మారితే విలువ పదింతలు మారుతుంది. నేను ఒక్కొక్కటే రంగులు తెలుగు చేసి చదువుతున్నాను, కామరాజు పలక మీద వేలు పెట్టి "ఉందండి" అంటున్నాడు.

"గోధుమరంగు, నలుపు, పచ్చ" అన్నాను.

"ఉందండి."

అతని వేలి కిందకి వంగి చూశాను. "ఏది? ఇది ఆకుపచ్చ కదా."

"అవునండి. పచ్చే కదండి."

"నేను చదివింది పచ్చ. ఇది ఆకుపచ్చ."

"ఆకు పచ్చగా ఉండదాండి?"

"ఆకు పచ్చగా ఉంటుంది. కాని పచ్చ అంటే పచ్చ. పచ్చ చామంతి లేదూ? కామెర్లు వస్తే ఒళ్ళు పచ్చబడిందని అనరూ?"

"పచ్చగడ్డి అన్నామంటే ఎండిపోయిన గడ్డేటండి? పచ్చజెండా ఊపితే బండి ఆగిపోద్దేటి?" కామరాజు గొంతు లేచింది. "మా ఇంట్లో పసుపుని పసుపంటాం. పచ్చని పచ్చంటాం."

"మా ఇంట్లో పసుపురంగే పచ్చ. మా అమ్మ అదే అనేది, మా నాయనమ్మ అదే అనేది."

"అయితే మీ నాయనమ్మని రమ్మను, అతుకు పెట్టడానికి! ఆ ఇంగ్లీషు కాగితంలో ఏటుందో అది సదివితే సరిపోద్దిగా! యెల్లో అన్నావనుకో, గొడవుండదు. తెలుగు మాస్టారివి నువ్వు, పచ్చ అంటే ఏ పచ్చో నీకే తెలీదు, మళ్ళీ నన్నంటావేటి బావా?"



కామరాజు నాలుక కరుచుకున్నాడు. చేతిలో కడ్డీ కింద పెట్టాడు. "తప్పయిపోనాదండి. ఏదో నోరు జారి…" అన్నాడు.

నేను "పరవాలేదు" అన్నాను. అంతకంటే మంచి మాట ఏదైనా ఉందేమోనని వెతికాను. దొరికేలోపల గుమ్మంలోంచి ఒక చప్పుడు వచ్చింది. నూకాలమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతున్నారు. ఏడుస్తున్నారనుకుని కామరాజు గబగబా లేచాడు.

ఆవిడ నవ్వుతున్నారు.

"ఓలమ్మా! ఆ పచ్చ గొడవ ఇంకా తేలనేదేటి!" అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ. "ఏం బాబూ, గేపకం ఉందా? పెళ్ళైన కొత్తలో అప్పన్న కొండకి ఎల్దామని, మా పద్మని పచ్చ సీర కట్టుకోమన్నారు మీరు."

ఆ పేరు ఆ గదిలో కార్తీకం నుంచి వినపడలేదు. కామరాజు తల్లి వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

"ఉంది" అన్నాను. "ఆకుపచ్చది కట్టుకుంది."

"మరి పచ్చ అన్నారు గదా! అది కట్టుకొచ్చీసరికి మీరు, పచ్చది కట్టుకోమంటే ఇదేంటన్నారంట. ఇద్దరూ ఆ గొడవలో ఉండగా బస్సెల్లిపోనాది. అది తిన్నగా మా ఇంటికొచ్చి ఏటన్నాదో తెల్సునా? అమ్మా, మీరు నాకు రంగులు కనపడని మొగుణ్ణి కట్టబెట్టీసారే అన్నాది."

"అంటే…"

"నిజమనుకున్నాం బాబూ! మీ మావ ఆ రాత్తిరి నిద్దరోనేదు. పిల్ల గొంతు కోసేసాం అంటాడు. తెల్లారి బజారుకెల్లి గంపెడు నిమ్మకాయలు అట్టుకొచ్చాడు. పళ్ళూ కాయలూ కలిపీసి మీ ముందర పోసి, ఏరండి బాబూ అన్నాడు."

ఇది నాకు బాగా గుర్తుంది. అత్తవారింటికి నేను వెళ్ళడం అది రెండోసారి. వసారాలో చాప వేసి నన్ను కూర్చోబెట్టారు. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడ్డారు. కొత్త అల్లుడి చేత నిమ్మకాయలు ఏరించడం ఈ వైపు ఆచారం కాబోలనుకున్నాను. ఆచారాల పట్ల నాకు గౌరవం. కండువా సర్దుకుని, తూర్పు వైపు తిరిగి, పండినవి ఒక పక్క, కాయలు ఒక పక్క శ్రద్ధగా ఏరాను. మావగారు నా భుజం తట్టారు. ఆశీర్వచనం అనుకుని కాళ్ళకి దణ్ణం పెట్టాను. తర్వాత బడిలో కూడా చెప్పాను, ఉత్తరాంధ్ర పెళ్ళి ఆచారాల్లో ఇదొక విశేషమని. సోషల్ మాస్టారు రాసుకున్నారు.

"అది ఆచారం కాదా?" అన్నాను.

కామరాజు నేల మీద చతికిలబడ్డాడు. నవ్వుకి ఊపిరి అందడం లేదు. "తూర్పు తిరిగి కూసున్నాడమ్మా! నాకు గేపకం ఉంది! ఇదేటి, పూజలో కూసున్నట్టు కూసున్నాడనుకున్నాను!"

"సూపు బానే ఉంది, మాటే తేడా అన్నాడు మీ మావ" అన్నారు నూకాలమ్మగారు. "అప్పుడు గాని అన్నం తిన్నాడు కాదు."

"మరి నాతో ఎవరూ చెప్పలేదే?"

"మా పద్మే సెప్పనివ్వనేదు బాబూ. ఆచారం అనుకుంటన్నారు, అలాగే ఉండనివ్వండి, ఎవరూ సెప్పకండి అని ఒట్టేయించుకున్నాది."

 అన్నంలోకి నిమ్మకాయ ఊరగాయ వడ్డించినప్పుడల్లా పద్మావతి నా ముఖం వైపు చూసి నవ్వేది. ఉప్పు ఎక్కువైందని నవ్వుతోంది అనుకుని, నేను "పరవాలేదు, బాగానే ఉంది" అనేవాణ్ణి. అప్పుడు ఇంకా నవ్వేది. అన్నేళ్ళూ నేను ఊరగాయని సమర్థిస్తూ వచ్చాను.

కొంచెంసేపు కళ్ళజోడు తుడుచుకున్నాను. ఎవరూ మర్యాదగా ఏమీ అడగలేదు. అది నాకు మేలైంది.

"బావా, ఆ రెండూ నువ్వు ఇలాగ సూపించు" అన్నాడు కామరాజు. ఈసారి దిద్దుకోలేదు. "పసుపు గీతది ఏదో, ఆకు గీతది ఏదో వేలెట్టి సూపించు. నోటితో మాత్రం ఏటీ సెప్పకు."

చూపించాను. పచ్చ అని నేను చదివినవి కిట్‌లో ఒకటే. ఆకుపచ్చ అని చదివినవి ఒకటే. ఆకుపచ్చది ముందే వాడేయడం వల్ల, దాని చోట మిగిలిన పసుపుది పెట్టేశాడు. రెండూ ఒకదాని చోట ఒకటి ఉన్నాయి. కామరాజు ఊడదీసి మార్చి అతికాడు. మళ్ళీ గుగ్గిలం వాసన వచ్చింది. బటను తిప్పాను.

చెవిలో హోరు. ఆ హోరులో ఒక ఈల, సన్నగా మొదలై లావయ్యింది. దాన్ని పట్టుకుని మెల్లగా తిప్పుతుంటే అడుగున ఒక మనిషి గొంతు తేలింది. ఇంగ్లీషులో ఎవరో ఎవరితోనో, తమ ఊళ్ళో వాన పడుతోందని చెబుతున్నాడు. అంతే. వాన సంగతి చెప్పుకోవడానికి ఇంత పని పెట్టుకునే మనుషులు ఉన్నారన్నమాట.

చెవి గొట్టం కామరాజుకిచ్చాను. అతను నోరు తెరుచుకుని విని తల్లికిచ్చాడు. ఆవిడ చాలాసేపు విన్నారు.

"పకోడీలు ఏగుతున్నట్టుంది" అన్నారు. "మద్దెలో ఎవులో కేకలేత్తన్నాడు, మాడిపోతన్నాయని."

వెళ్ళేటప్పుడు కామరాజు గుమ్మం దగ్గర ఆగి, ఉక్కునగరంలో సెక్టారు, వీధి చెప్పాడు. నెంబరు రాసుకుంటానంటే వద్దన్నాడు. "నెంబరెందుకు బావా? ఆ వరసలో పచ్చ తలుపు మాదే. ఏ పచ్చో నన్నడక్కు, నువ్వే తేల్చుకో."

శ్రావణంలో వాళ్ళు పాలు పొంగించుకున్న తర్వాత ఒక ఆదివారం ద్వారకా నగర్ కాంప్లెక్సులో బస్సెక్కి వెళ్ళాను. చేతిలో పళ్ళ సంచి. ఎండ బాగా ఉంది. సెక్టారు దొరికింది, వీధి దొరికింది. పసుపుపచ్చ తలుపు కోసం వరస ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. లేదు. సరే, వాళ్ళ పచ్చే కాబోలని, ఆకుపచ్చ తలుపు కోసం ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చాను. అదీ లేదు. కంపెనీ వాళ్ళు కట్టిన ఇళ్ళు. వరస మొత్తం తలుపులు బూడిద రంగు.

ఇంకోసారి వెనక్కి తిరిగాను.

"మళ్ళీ ఇటే వత్తన్నాడమ్మా!" అని పై నుంచి వినపడింది.

తలెత్తి చూశాను. మేడ మీద వరండాలో కామరాజు కటకటాలు పట్టుకుని వంగిపోయి నవ్వుతున్నాడు. పక్కన నూకాలమ్మగారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

నాకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. మెట్లెక్కి వెళ్ళి, పళ్ళ సంచి బల్ల మీద పెట్టి, కుర్చీ గోడ వైపుకి తిప్పుకుని కూర్చున్నాను. నూకాలమ్మగారు గ్లాసుతో కాఫీ తెచ్చారు. "వద్దండి" అన్నాను.

"అమ్మా, అల్లుడు అలిగాడే!" అన్నాడు కామరాజు.

"అలిగితే అలగనీ. అత్తోరింట్లో కాకపోతే ఇంకెక్కడలుగుతారు?" అని ఆవిడ గోడకీ నాకూ మధ్య ఉన్న కాస్త జాగాలోకి వచ్చి నిలబడ్డారు. "తాగండి బాబూ, సల్లారిపోద్ది."

మళ్ళీ వద్దన్నాను. మూడోసారి అడిగేదాకా ఒప్పుకోదలుచుకోలేదు.

ఆవిడ అడిగారు.